ఉదయగిరి కొండ – ఖేమ్‌కరణ్ చెరకు తోటలు

ఎవరి దగ్గర ఆయుధాలు ఎక్కువుంటే వాళ్ళదే గెలుపని మన పిల్లలు అనుకుంటారు. కాని యుద్ధం మొదట్లో ఒక ఊరి కోసం జరిగే పోరులో నేల మాట కూడా చెల్లుతుంది. దీనికి దూరపు ఉదాహరణ ఒకటి, మన ఇంటి ముందరిది ఒకటి మనవి చేస్తాను.

1965 సెప్టెంబరులో పాకిస్తాన్ ఫౌజు ప్యాటన్ ట్యాంకులతో వచ్చి పంజాబులోని ఖేమ్‌కరణ్ పట్టణాన్ని పట్టుకుంది. ఆ రోజుల్లో ప్యాటన్ అంటే మహా గొప్ప. మనవాళ్ళు వెనక్కి తగ్గి, అసల్ ఉత్తర్ గ్రామం దగ్గర గుర్రపు నాడా ఆకారంలో కాపు వేశారు. కాలువ గట్లు తెగ్గొట్టి పొలాలకు నీళ్ళు వదిలారు. చెరకులో దారి కానరాక, బురదలో కదలలేక ట్యాంకులు చిక్కుబడ్డాయి. జీపు మీద గన్నుతో చెరకు చాటున కాచుకున్న హవల్దార్ అబ్దుల్ హమీద్ ఒకదాని తర్వాత ఒకటి పేల్చి, సెప్టెంబరు 10న షహీద్ అయ్యారు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. ఖేమ్‌కరణ్ మాత్రం తాష్కెంటు ఒప్పందం తర్వాత 1966లోనే తిరిగి మన చేతికి వచ్చింది.

ఇక మన ఉదయగిరి సంగతి చూడండి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతి ప్రతాపరుద్రుని మీదికి దండు కదిపితే మొట్టమొదట అడ్డమొచ్చింది ఈ ఖిల్లాయే. ఆ కాలానికి ఏనుగే ట్యాంకు. రాయలు 34 వేల కాల్బలం, 800 ఏనుగులతో వచ్చాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాశాడు. ఏనుగులెన్నుంటే ఏం? ఒకరి వెనక ఒకరు ఎక్కవలసిన కొండ దారి అది! అందుకని రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు దారి వేయించాడు. లోపలికి తిండి పోనీయకుండా ముట్టడి బిగించాడు. సుమారు ఏడాదిన్నర పట్టింది. 1514లో ఖిల్లా లొంగింది, గజపతి బంధువు తిరుమల రౌతరాయుడు పట్టుబడ్డాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి 1515లో ప్రతిష్ఠించారు. ఆ ఏడే కొండవీడు కూడా రాయల వశమైంది.

పంజాబులో ఉన్న నేలను వాడుకున్నవారు నిలిచారు. ఇక్కడ నేలను మార్చేదాకా ఓపిక పట్టినవాడు గెలిచాడు. రాజుల పేర్లు మనకు మిగిలాయి. కొండ మీద పస్తులున్నవాళ్ళ పేర్లు, కింద బండలు కొట్టిన కూలీల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళలో మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు లేకుండా ఉంటారా?

కాబట్టి ఆత్మకూరు, ఉదయగిరి తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. సెలవుల్లో పిల్లల్ని కొండకు తీసుకుపోండి. గోడలు, గుళ్ళు, మసీదులు అన్నీ చూపించండి. వాటి మీద తమ పేర్లు గీకవద్దని చెప్పండి. ఆ రాళ్ళు మోసినవాళ్ళే తమ పేరు వ్రాసుకోలేదు.