చందా రాసినవాళ్ల ఫెహ్రిస్త్

మా మొహల్లా మసీదులో రంజాన్ వచ్చిందంటే ఒక బుజుర్గ్ రసీదు బుక్కు చంకలో పెట్టుకుని సఫ్‌ల మధ్య తిరిగేవారు. మేం పిల్లలం పెన్ను పట్టుకుని ఆయన వెనకే నడిచేవాళ్లం. "నామ్ క్యా లిఖూఁ మియాఁ?" అని అడిగితే కొందరు వల్దియత్‌తో సహా చెప్పి రాయించుకునేవారు. కొందరు మాత్రం నోటు చేతిలో పెట్టేసి, "బందా-ఎ-ఖుదా లిఖో చాచా" అని జరిగిపోయేవారు. మదర్సా వాళ్లు అచ్చువేసే సాలానా రూదాద్‌లో చందా ఇచ్చినవాళ్ల పేర్లన్నీ ఉండేవి. అందరికన్నా ఎక్కువసార్లు కనిపించేది ఈ "ఏక్ బందా-ఎ-ఖుదా" సాహెబే. చాలా ఏళ్లు ఆయన ఒకే మనిషి అనుకున్నాను. ఎంత సఖీ ఆద్మీ అని ఆశ్చర్యపోయేవాణ్ని.

ఇప్పుడు ఆ సాహెబ్‌ను పాన్ నంబరు అడుగుతున్నారు. 80జి కింద పన్ను రాయితీ ఇప్పించే ట్రస్టులు 2021-22 నుంచి ఏటా ఫారం 10బిడి దాఖలు చేస్తూ వచ్చాయి. దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ లాంటి గుర్తింపు నంబరు, ఇచ్చిన రఖమ్, అన్నీ అందులో ఉండాలి. మే 31 దాటితే రోజుకు 200 రూపాయల ఫీజు. పేరూ చిరునామా రాసుకోకుండా తీసుకున్న చందా ఒక హద్దు దాటితే 30 శాతం పన్ను పడే నియమం అంతకుముందే, 2006 ఫైనాన్స్ యాక్ట్‌తో వచ్చింది. పూర్తిగా మజహబీ సంస్థలకు దాన్నుంచి మినహాయింపు ఉంది. బడీ, ఆసుపత్రీ నడిపే ఖైరాతీ ట్రస్టులకు లేదు.

మొన్న ఒక నౌజవాన్ నన్నడిగాడు: "ఇందులో డర్‌నే కీ బాత్ ఏముంది భాయ్? దొంగ పైసలు కానప్పుడు పేరు చెబితే ఏం పోతుంది?" సవాల్ సరైనదే. జవాబు చెప్పాలంటే అతన్ని కాసేపు అమెరికా తీసుకెళ్లాలి. అర్కాన్సా రాష్ట్రం, లిటిల్ రాక్ షహర్, 1957.

ఆ సెప్టెంబరులో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు అక్కడి సెంట్రల్ హైస్కూల్లో చేరడానికి వెళ్తే తెల్లవాళ్ల గుంపు అడ్డుపడింది. చివరికి ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ఫౌజును పంపితే గానీ పిల్లలు క్లాసులో కూర్చోలేకపోయారు. ఆ పిల్లల వెనక నిలబడిన ఆవిడ పేరు డైసీ బేట్స్. నల్లవాళ్ల హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ అనే అంజుమన్‌కు ఆ రాష్ట్రంలో సదర్. భర్తతో కలిసి అర్కాన్సా స్టేట్ ప్రెస్ అనే వారపత్రిక నడిపేది. స్కూలు తెరవకముందే, ఆగస్టులోనే, ఆమె ఇంటి కిటికీ అద్దం పగలగొట్టుకుని ఒక రాయి లోపలికొచ్చి పడింది.

రాయి పని రాయి చేసింది. అసలు దెబ్బ కాగితం మీద వచ్చింది. అక్టోబరులో లిటిల్ రాక్ బల్దియా తన లైసెన్స్ టాక్స్ ఆర్డినెన్సును మార్చింది. షహర్‌లో పనిచేసే ఏ సంస్థ అయినా, అడిగితే, తన అధికారుల పేర్లు, జమాఖర్చు, ఎవరెవరు ఎప్పుడు ఎంత చందా కట్టారు, ఇవన్నీ రాసివ్వాలి. ఎందుకయ్యా అంటే, ఖైరాతీ సంస్థలకు టాక్స్ మాఫీ ఉంది కదా, ఎవరు నిజంగా ఖైరాతీయో తేల్చుకోవాలి. ఎంత షరీఫ్ మాట! కింద ఇంకో వాక్యం కూడా ఉంది. ఈ వివరాలు బహిరంగం, దఫ్తర్ వేళల్లో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఆ ఒక్క వాక్యంలోనే మొత్తం ఖౌఫ్ ఉంది. నల్లటీచరు చందా కట్టాడని తెలిస్తే ఉద్యోగం పోతుంది. పనిమనిషి కట్టిందని తెలిస్తే రేపటినుంచి రావద్దంటారు. లిటిల్ రాక్ శాఖ అడిగినవన్నీ ఇచ్చింది, లెక్కలతో సహా. పేర్లు మాత్రం ఇవ్వలేదు. ఫెహ్రిస్త్ ఆమె కస్టడీలో ఉంది కాబట్టి డైసీ బేట్స్ మీద ముఖద్దమా పడింది. నది అవతల నార్త్ లిటిల్ రాక్‌లో బర్డీ విలియమ్స్ అనే ఆవిడ మీదా అలాగే పడింది. ఒక్కొక్కరికి 25 డాలర్ల జుర్మానా.

అదాలత్‌లో చెప్పిన గవాహీలు చదివితే మనకు తెలిసిన మనుషులే అనిపిస్తారు. ఏటా చందా కట్టేవాళ్ల దగ్గరికి వెళ్తే, ఆర్డినెన్స్ సంగతి ఏమవుతుందో చూద్దాం, అప్పుడు కడతాం అన్నారట. కోపం లేదు, కాదని చెప్పడమూ లేదు. "దేఖేంగే" అని తలుపు వేసేయడమే.

సుప్రీం కోర్టు 1960 ఫిబ్రవరి 23న ఫైసలా ఇచ్చింది. జస్టిస్ పాటర్ స్టీవర్ట్ రాశారు. టాక్స్ వేసే అధికారం బల్దియాకు బేషక్ ఉంది. కానీ ఈ శాఖలు టాక్స్ కట్టాల్సిన పని ఏదైనా చేస్తున్నాయని బల్దియా ఎన్నడూ అనలేదు. అలాంటప్పుడు సభ్యుల పేర్లకూ టాక్స్ లెక్కకూ సంబంధం ఏమిటి? జుర్మానా రద్దు. దీనికి దారి వేసింది రెండేళ్ల ముందు, 1958లో వచ్చిన అలబామా ఫైసలా. అక్కడ సభ్యుల ఫెహ్రిస్త్ ఇవ్వనందుకు ఎన్‌ఏఏసీపీకి పది వేల డాలర్ల జుర్మానా వేసి, అయిదు రోజుల్లో దాన్ని లక్ష చేశారు. కోర్టు జడ్జీలంతా ఒక్క మాట మీద దాన్ని కొట్టేశారు. గెలిచినా అలబామాలో ఆ అంజుమన్ మళ్లీ పనిచేయడానికి 1964 దాకా ఆగాల్సి వచ్చింది. కాగితం మీద ఇన్సాఫ్‌కీ, గల్లీలో ఇన్సాఫ్‌కీ మధ్య ఆరేళ్లు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఫెహ్రిస్త్ అడిగితే ప్రతిసారీ జుల్మే అనలేం. అదే సుప్రీం కోర్టు 1928లో న్యూయార్క్ ప్రభుత్వం కూ క్లక్స్ క్లాన్ సభ్యుల పేర్లు అడిగితే సరేనంది. ముసుగు వేసుకుని ఇళ్లు తగలబెట్టేవాడు పేరు దాచుకోవడం, ఇల్లు తగలబడుతుందని భయపడేవాడు దాచుకోవడం ఒకటి కావు. మన దగ్గర 2024 ఫిబ్రవరి 15న సుప్రీం కోర్టు ఎలక్టోరల్ బాండ్లను కొట్టేసినప్పుడు నేను ఖుష్ అయ్యాను. పార్టీకి కోట్లు పోసే కంపెనీ బందా-ఎ-ఖుదా కాదు, దానికి బదులుగా ఏం అడిగిందో వోటరుకు తెలియాలి.

మళ్లీ అమెరికాకే వస్తే, అక్కడి ఖైరాతీ సంస్థలు ఫారం 990తో పాటు షెడ్యూల్ బి అనే కాగితంలో సాధారణంగా 5,000 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్ల పేర్లు కేంద్ర టాక్స్ శాఖకు ఇస్తాయి. అది రహస్యంగా ఉండాలి. కాలిఫోర్నియా రాష్ట్రం నాకూ ఒక నకలు కావాలంది, రహస్యంగానే ఉంచుతానంది. తీరా చూస్తే దాదాపు 2,000 షెడ్యూల్ బి కాగితాలు రాష్ట్ర అటార్నీ జనరల్ వెబ్‌సైట్‌లోనే బాహాటంగా పడి ఉన్నాయి. జుల్మ్ చేయాలని ఎవరూ పెట్టలేదు, లాపర్వాహీ అంతే. 2021 జులై 1న కోర్టు 6-3తో ఆ నియమాన్ని కొట్టేసింది. కేసు వేసినవాళ్లలో ఒకటి కోటీశ్వరుల సోపతి ఉన్న సంస్థ, అది నాకు కొంచెం చేదుగానే ఉంది. కానీ వాళ్ల వైపు అర్జీ పెట్టుకున్న వందల సంస్థల్లో అమెరికా ముసల్మానుల కేర్ ఉంది, యూదుల జయనిస్ట్ ఆర్గనైజేషన్ కూడా ఉంది. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ ఆ రెండు పేర్లూ పక్కపక్కనే రాశారు. ఆ ఇద్దరూ ఒక కాగితం మీద ఒకే వైపు కనిపించడం నేనైతే ఇంకెక్కడా చూడలేదు. జస్టిస్ సోటోమేయర్ ఒప్పుకోలేదు, దాతలందరికీ ప్రమాదం ఉందని రుజువేదని అడిగారు. అదీ తీసిపారేసే మాట కాదు.

డైసీ బేట్స్ గెలిచింది గానీ ఆమె పత్రిక ఫైసలా చూడలేదు. ఇష్తెహార్లు ఇచ్చే దుకాణాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. 1959లోనే అది మూతపడింది. పత్రికలో పనిచేసేవాణ్ని, ఈ సంగతి దగ్గర నాకు చెయ్యి ఆగిపోతుంది.

ఆ నౌజవాన్‌కు ఇదంతా చెప్పాను. "తో ఫారం నక్కో భర్‌నా?" అన్నాడు. భర్నా హీ హై బాబూ, ఖానూన్ ఉంది, రాయితీ కావాలంటే లెక్క చెప్పాలి. నేనడిగేది వేరు. టాక్స్ శాఖకు ఇచ్చేదాకా ఆ ఫెహ్రిస్త్ ఎవరి అమానత్? ఎవరి కంప్యూటర్‌లో ఉంది? అతను ఫోన్ తీసి తన మొహల్లా కమిటీ వాట్సాప్ గ్రూపు చూపించాడు. నాలుగు వందల మంది ఉన్నారు. ఖజాంచీ గారు దాతలకు షుక్రియా చెబుతూ ఎక్సెల్ షీటు ఫోటో తీసి పెట్టారు. పేర్లు, ఫోన్ నంబర్లు, పాన్ నంబర్లు, అన్నీ. కింద అరవై "మాషా అల్లాహ్"లు.