రోమకుల విందులలో పంక్తిభేదము

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని గూర్చున్నను ఒకటే యని మనలో నొక సామెత కలదు. కడపంక్తికి వచ్చునప్పటికి నేయి తరుగుటయు, పిండివంటలు మాయమగుటయు లోకానుభవ మగుటచేతనే యీ మాట పుట్టినది. కలసి భుజించువారికి వేర్వేరుగా వడ్డించుటను మన పెద్దలు పంక్తిభేదమని నిందించిరి. ఈ దోషము మన దేశమునకే చెందినది కాదు. ప్రాచీన రోము నగరమున నిది ముఖ్యముగా ద్రాక్షాసవమును వడ్డించుటలో గానవచ్చుచుండెను.

మద్యపానమును మెచ్చుట యీ వ్యాసమున కుద్దేశము కాదు. రోమకులకు ద్రాక్షాసవము నిత్యాహారములో నొక భాగము. దానిని నీటితో గలిపి త్రాగుచుండిరి. అందు తారతమ్యములు మెండు. ఇటలీలో కంపానియా సీమయందలి ఫలెర్నియాసవమును, గ్రీకు ద్వీపమగు కియోసునుండి వచ్చునదియు ప్రశస్తములు. ఓపిమియసు కాన్సలుగా నుండిన క్రీ. పూ. 121 వ సంవత్సరపు ఆసవము తరతరములు పేరు మోసెను. ద్రాక్షపిప్పిని నీట నానవేసి తీసిన పలుచని పానీయము అన్నిటికంటె నధమము. అది దాసుల పాలు. కావున గృహస్థు తన యతిథి కేది పోయించెనో చూచినచో నాతని యెడల నెంత గౌరవము గలదో తెలియుచుండెను.

జూలియస్ సీజరు మూడవసారి కాన్సలైన క్రీ. పూ. 46 లో నొక విందుచేసి నాలుగు విధముల యాసవములను వడ్డించెననియు, అట్లు జరుగుట యదియే మొదలనియు వృద్ధ ప్లినీ వ్రాసెను. రకములు పెరిగిన యింట నెవరికేది యను ప్రశ్నయు బుట్టక మానదు. తాము మేలైనది త్రాగుచు నతిథులకు వేరొకటి పోయువారిని, విందు సాగుచుండగా మంచిదానిని దీసి చౌకదానిని బెట్టువారిని ప్లినీ గర్హించెను. పూర్వము కేటో స్పెయినుదేశముపై దండు వెడలినప్పుడు, ఓడలో తెడ్లు వేయువారు త్రాగినదానినే తానును త్రాగెనని యుదాహరించెను. మార్షలు, జువెనలు అను కవులును ఈ దురాచారమును పరిహసించిరి. ధనికుని పంక్తిని గూర్చుండి చౌకయాసవమును మ్రింగు పేదయాశ్రితుని యవమానమును జువెనలు చిత్రించినాడు.

వృద్ధ ప్లినీకి మేనల్లుడును, దత్తపుత్రుడును అగు చిన్న ప్లినీ తన లేఖలలో నొక విందును వర్ణించెను. అంత పరిచయము లేని యొక గృహస్థు నింట నతడు భుజించెను. అచ్చట చిన్న కుప్పెలలో మూడు తరగతుల యాసవము పెట్టబడెను. మొదటిది గృహస్థునకును, గొప్పవారికిని, రెండవది తక్కువ స్నేహితులకు, మూడవది దాస్యవిముక్తులకు. ఇన్ని రకములుండుట అతిథి కోరుకొనుటకు గాదు, ఎవరును తమకు వచ్చినదానిని కాదనకుండుటకే. ప్రక్కనున్నవాడు దీనిని గమనించి, మీ యింట నేమి చేయుదురని ప్లినీ నడిగెను. అందరకు నొకే రీతి వడ్డింతునని యాతడు చెప్పెను. విముక్తులకు గూడనా యని వాడు విస్మయమందగా, పంక్తిని గూర్చున్నప్పుడు వారు తనకు సహభోక్తలే యనెను. అట్లైన వ్యయ మధికము కాదా యని మరల నడుగగా, కాదనెను. తాను త్రాగునది వారికి బోయడు. వారు త్రాగునదే తాను త్రాగును.

ఇందొక రహస్యము కలదు. సమత్వమునకు ధనము చాలదని వగచువారు తమ విస్తరి నట్లే యుంచుకొని యితరుల విస్తరిని గూర్చి లెక్కలు వేయుదురు. ప్లినీ తన గిన్నెతో లెక్క మొదలుపెట్టెను. పొదుపు వలసినచో దానిని తన జిహ్వపై జూపవలెను గాని యతిథి గౌరవముపై జూపరాదని యాతని మతము.

ఐనను ఆతని సమత్వము పంక్తి హద్దు దాటలేదు. ప్లినీకిని దాసులు పెక్కుమంది యుండిరి. తెడ్లు వేయువారితో సమముగా త్రాగిన కేటోయే తన కృషిగ్రంథమున దాసులకు పిప్పినీటిని విధించెను. కూర్చున్నవారిలో భేదమెంచుట తప్పని తెలిసినవారికి, నిలుచుండి వడ్డించువారు కనబడలేదు.

వారిని దప్పుపట్టుట సులభము. మన యిండ్లలో నందరును భుజించి లేచిన పిదప వంటయింట మిగిలిన పులుసుతో, అడుగంటిన యన్నముతో తృప్తిపడు గృహిణి యే పంక్తిలోనిది? పెరటి గుమ్మమునొద్ద పనివారి కిడు చల్లయు, మనము పోసికొను చల్లయు నొక్కటియేనా? అతిథికి మేలైనది వడ్డింపవలసినదే. కాని మన మర్యాద యెంతవరకు వచ్చినదో తెలిసికొన గోరువారు మొదటి విస్తరిని గాక కడపటి విస్తరిని జూడవలెను.