సమాధి లేని నావికులు

విశాఖపట్నం రామకృష్ణా సముద్రతీరాన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉన్నది. 1971 యుద్ధ విజయానికి పాతికేళ్లు నిండిన 1996లో దీనిని నిర్మించారు. నౌకాదళ దినోత్సవమైన డిసెంబరు 4న ఇక్కడ పుష్పగుచ్ఛాలుంచి అమరులకు నివాళులర్పిస్తారు. స్మారకం పేరు విజయానిది. అక్కడ తలలు వంచేది మాత్రం మృతుల స్మృతికి.

యుద్ధంలో మరణించిన నావికునికి తరచుగా చితి గాని, సమాధి గాని ఉండదు. చితాభస్మమైనా దక్కని కుటుంబానికి తీరంలోని శిలయే ఆధారం.

1971 నవంబరు 14న కరాచీ నుండి బయలుదేరిన పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' లక్ష్యం మన విమానవాహక నౌక 'విక్రాంత్'. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవులకు తరలించి, అది విశాఖ పరిసరాలలోనే ఉన్నదని శత్రువు భ్రమించేలా 'రాజ్‌పుత్' అనే పాత డిస్ట్రాయర్‌తో రేడియో సందేశాలు పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన తరువాత రేవు ముఖద్వారానికి చేరువలో భారీ విస్ఫోటం సంభవించి ఘాజీ మునిగిపోయింది. తేలివచ్చిన శిథిలాలు జాలరుల కంటబడ్డాయి. రాజ్‌పుత్ విడిచిన డెప్త్ ఛార్జీలే కారణమని భారత నౌకాదళం, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఆ వివాదం అలా ఉండగా, అందులోని తొంభైమందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదన్నది నిర్వివాదం.

ఆ దుఃఖం మన పక్షానికి రావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. డిసెంబరు 9 రాత్రి అరేబియా సముద్రంలో, డయ్యూ తీరానికి దూరంగా, పాక్ జలాంతర్గామి 'హంగోర్' టార్పెడో తగిలి 'ఖుక్రి' నిమిషాలలో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అసువులు బాశారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఇతరులను తప్పించే యత్నంలో ఉండి, తాను నౌకతోపాటే జలసమాధి అయ్యారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రదానం చేశారు. డయ్యూలో ఖుక్రి స్మారకం వెలసింది.

విజయస్మారకం ఎదుటి సముద్రగర్భంలోనే ఘాజీ శిథిలాలున్నాయి. ఒకనాటి శత్రువులైనా వారి ఇళ్లలోనూ ఎదురుచూపులు అలాగే ముగిశాయి. విశాఖ తీరాన పుష్పగుచ్ఛం ఉంచిన చేతులు గెలుపుతోపాటు దానికి చెల్లించిన మూల్యాన్నీ తలచుకొన్నప్పుడే ఆ నివాళి సంపూర్ణమవుతుంది.