పూర్ణం బూరెలు

పూర్ణం బూరెలు తెలుగువారి ముఖ్యమైన పిండివంటలలో ఒకటి. ఉడికించిన శనగపప్పు, బెల్లం కలిపి చేసిన పూర్ణాన్ని ఉండలుగా చుట్టి, బియ్యం, మినపప్పు కలిపి రుబ్బిన పిండిలో ముంచి, నూనెలో వేయించి వీటిని తయారుచేస్తారు. తెలంగాణలో వీటిని ఎక్కువగా పూర్ణాలు అని, కోస్తా ప్రాంతంలో బూరెలు లేదా పూర్ణం బూరెలు అని పిలుస్తారు. ఇటలీలోని సిసిలీ ద్వీపంలో ప్రసిద్ధి చెందిన అరంచీని అనే వేపుడు అన్నపు ఉండలకు తెలుగునాట దగ్గరగా ఉండే వంటకం ఇదే. రెండింటిలోనూ లోపల ముద్ద, వెలుపల బియ్యం ఉంటాయి. రెండూ నూనెలో వేగుతాయి. అయితే అరంచీని వీధి అంగళ్ళ తిండిగా స్థిరపడగా, బూరెలు ప్రధానంగా ఇంటి పండుగ వంటగానే మిగిలాయి. హోటళ్ళలో మంచి బూరెలు అరుదుగా దొరకడానికి కారణం చాలావరకు వాటి తయారీలోనే ఉంది.

పేరు

పూర్ణం అనే మాట సంస్కృతం నుండి వచ్చింది. నిండినది అని దీని అర్థం. వంటలలో లోపల కూరే తీపి ముద్దకు ఈ పేరు వాడతారు. బొబ్బట్లలో పెట్టేది కూడా ఇదే పూర్ణం. తెలంగాణలో బొబ్బట్లను భక్షాలు, పోలెలు అని కూడా అంటారు. ఉబ్బిన బుగ్గలను బూరెబుగ్గలు అనడం, అనుకోకుండా అదృష్టం కలిసివచ్చిన వాడిని బూరెల బుట్టలో పడ్డాడు అనడం వాడుకలో ఉన్నాయి. బూరె అరుదైన, కోరదగిన తిండిగా పరిగణింపబడిందని ఈ రెండవ నానుడి తెలుపుతుంది.

దక్షిణ తెలంగాణలో

నల్లగొండ, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలు వర్షాధారమైన మెట్టప్రాంతాలు. ఇక్కడ చాలాకాలం జొన్న ప్రధాన ఆహారంగా ఉండేది. వరి ప్రధానంగా చెరువుల కింద పండేది. నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్ ఇందుకు మంచి ఉదాహరణ. కందూరు చోళులకు రాజధానిగా ఉన్న ఈ ఊరిలో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయాలతో పాటు ఉదయసముద్రం అనే పెద్ద చెరువు ఉన్నది. ఈ చెరువు ప్రస్తుతం ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో భాగంగా కృష్ణా జలాలను నిలువ చేసే జలాశయంగా ఉపయోగపడుతున్నది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని పానగల్ వేరొక ఊరు. కోటకు పేరుపొందిన ఆ ఊరు 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాలో ఉంది.

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు విడుదలైన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలలో వరిసాగు విస్తరించింది. అంతకు ముందు మెట్ట గ్రామాలలో అనేక కుటుంబాలకు వరి అన్నమే పండుగనాటి భోజనం. బియ్యం, మినపప్పు, శనగపప్పు, బెల్లం, నూనె, నెయ్యి అన్నీ ఒకేసారి కావలసిన పూర్ణాలు అటువంటి ఇళ్ళలో పెళ్ళికో పండుగకో మాత్రమే వండబడేవి. బియ్యం నిత్యాహారమైన తరువాత కూడా ఈ అలవాటు మారలేదు. దసరా, వరలక్ష్మీ వ్రతం వంటి సందర్భాలలో నైవేద్యంగానూ, పెళ్ళి భోజనాలలో మొదటి తీపిగానూ పూర్ణాలు నేటికీ ప్రధానంగా కనిపిస్తాయి.

కావలసిన పదార్థాలు

* శనగపప్పు - 2 గ్లాసులు
* బెల్లం - 2 గ్లాసులు (తురిమినది)
* బియ్యం - 2 గ్లాసులు
* మినపప్పు - 1 గ్లాసు
* యాలకుల పొడి, చిటికెడు ఉప్పు
* పచ్చి కొబ్బరి తురుము (ఇష్టమైతే)
* వేయించడానికి సరిపడినంత నూనె
* వడ్డించేటప్పుడు నెయ్యి

వేయించడానికి పల్లీనూనె వాడటం తెలంగాణలో ఎక్కువ. వనపర్తి, గద్వాల ప్రాంతాలలో వేరుశనగ విస్తారంగా పండుతుంది.

తయారుచేసే విధానం

బియ్యం, మినపప్పు నాలుగు నుండి ఆరు గంటలు నానబెట్టి, ఉప్పు వేసి మెత్తగా, గట్టిగా రుబ్బాలి. ఈ పైపిండిని కొన్ని చోట్ల తోపు అని, కొన్ని చోట్ల చోవి అని అంటారు. దీనిని దోసెల పిండివలె పులియబెట్టరాదు.

శనగపప్పును వేళ్ళతో నొక్కితే నలిగేంత వరకు ఉడికించి, నీటిని పూర్తిగా వంచివేయాలి. వంచిన నీటితో చారు కాచుకోవడం ఆనవాయితీ; దీనినే కట్టుచారు అంటారు. ఉడికిన పప్పును మెత్తగా నూరి, బెల్లం కలిపి, అడుగంటకుండా కలుపుతూ దగ్గరపడే వరకు పొయ్యిమీద ఉంచాలి. యాలకుల పొడి, కొబ్బరి కలిపి, చల్లారిన తరువాత నిమ్మకాయంత ఉండలుగా చేయాలి.

నూనె కాగిన తరువాత ఒక్కొక్క ఉండను పైపిండిలో ముంచి, అన్ని వైపులా పిండి అంటుకున్నదని చూసుకొని నూనెలో జారవిడవాలి. మధ్యస్థమైన మంటపై తిప్పుతూ బంగారు వర్ణం వచ్చే వరకు వేయించాలి. తినేటప్పుడు బూరెకు వేలితో గుంట చేసి, అందులో వేడి నెయ్యి పోయడం సంప్రదాయం.

తయారీలో వచ్చే లోపాలు

బూరెలలో లోపాలకు కారణాలు సాధారణంగా నాలుగు:

* పైపిండి పలుచనైతే ఉండకు సరిగా పట్టదు. పిండి పట్టని చోట పూర్ణం నూనెలోకి కారుతుంది. బెల్లం మాడి నూనె నల్లబడుతుంది. ఆ తరువాత వేసిన బూరెలన్నింటికీ నల్లని మచ్చలు, చేదు అంటుతాయి.
* మినపప్పు ఎక్కువైతే పైపొర మెత్తబడి నూనె పీలుస్తుంది. బియ్యం ఎక్కువైతే పొర గట్టిపడి పగులుతుంది.
* పూర్ణంలో తేమ మిగిలితే వేడికి ఆవిరి పుట్టి బూరె పగులుతుంది.
* పిండి పులిస్తే బూరెకు పులుపు వస్తుంది, నూనె కూడా ఎక్కువగా పీలుస్తుంది.

హోటళ్ళలో అరుదుగా దొరకడానికి కారణాలు

నల్లగొండ వంటి పట్టణాలలోని టిఫిన్ సెంటర్లలో ఉదయం ఇడ్లీ, వడ, దోసె, పూరీ, మైసూర్ బజ్జీ, సాయంత్రం మిర్చి బజ్జీ, పునుగులు, సమోసా లభిస్తాయి. వీటిలో పునుగుల పిండి కూడా బియ్యం, మినపప్పులదే కాబట్టి, పూర్ణం ఒక్కటి చేసుకుంటే బూరెలు వేయడం సులభమే అనిపిస్తుంది. ఆచరణలో అలా జరగదు. పునుగుల పిండి పులిసినది. పూర్ణాలకు పులియని పిండిని వేరుగా రుబ్బాలి. పప్పు ఉడికించి, నూరి, దగ్గరకు తెచ్చి, ఉండలు చుట్టడానికి మరొక మనిషి పని పడుతుంది. ఒక్క బూరె పగిలినా నూనె పాడవుతుంది. అదే నూనెలో మిర్చి బజ్జీలు వేయడం కుదరదు.

నిలువ మరొక సమస్య. వేడిగా ఉన్నప్పుడు కరకరలాడే పైపొర, లోపలి పూర్ణపు తేమను పీల్చుకొని కొద్ది గంటలలో మెత్తబడుతుంది. మామూలు వేడిలో బూరె ఒక రోజుకు మించి నిలువ ఉండదు. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. ఉదయం వేయించి అద్దాల బీరువాలో పెట్టి సాయంత్రం వరకు అమ్మే వ్యాపారానికి ఈ వంటకం అనువైనది కాదు. రోజుల తరబడి నిలువ ఉండే అరిసెలు, సకినాలు దుకాణాలలో స్థిరపడటానికి, పూర్ణాలు వెనుకబడటానికి ఇదే ముఖ్య కారణం.

ఇందువలన ఇంటికి దూరంగా ఉండి చదువుకునే, పనిచేసే వారికి పూర్ణాలు దొరకడం కష్టం. 2007లో నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇటువంటి విద్యాకేంద్రాలకు చేరే విద్యార్థులు పండుగ సెలవులకు ఇంటికి వెళ్ళలేకపోతే మెస్సులపై, దుకాణాలపై ఆధారపడవలసి ఉంటుంది. ఇళ్ళలోనూ ఈ వంట తెలిసిన పెద్దవారి చేతిమీదుగానే తరువాతి తరానికి అందుతుంది. పిండి ఎంత గట్టిగా ఉండాలో కొలత చెప్పడం కన్నా చేత్తో చూపడం తేలిక.

మంచి బూరెలను గుర్తించడం

బయట కొనేవారు ఈ క్రింది విషయాలను గమనించవచ్చు.

* రోజూ అమ్మే చోటు కన్నా, పండుగనాడు లేదా వారంలో ఒక రోజు ప్రత్యేకంగా వండే మెస్సు, భోజన హోటళ్ళలో తాజా బూరెలు దొరికే అవకాశం ఎక్కువ. ముందుగా చెబితే వండి ఇచ్చే పిండివంటల వారు, స్వగృహ దుకాణాలు, పెళ్ళి వంటవారు మరొక మార్గం.
* ఎన్ని గంటలకు వేయించారో అడగాలి. రెండు మూడు గంటలు దాటినవి మెత్తబడి ఉంటాయి. మళ్ళీ నూనెలో వేసి వేడిచేసినవి నూనె కారుతూ ఉంటాయి.
* రంగు అంతటా ఒకే విధంగా బంగారు వర్ణంలో ఉండాలి. నల్ల చుక్కలు ఉంటే పూర్ణం కారిన నూనెలో వేగినట్లు.
* విరిచినప్పుడు పైపొర పలుచగా ఉండి, పూర్ణం పొడిపొడిగానో జారుగానో కాక ముద్దగా నిలవాలి. పప్పు పలుకులు తగలకూడదు.
* పైపొర పుల్లగా ఉంటే మిగిలిన దోసెపిండి వాడినట్లు భావించవచ్చు.

వాడిన నూనె విషయంలో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నియమం 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం మరిగించిన నూనెలో మొత్తం ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడరాదు. చిక్కగా, నల్లగా మారి, నురుగు కడుతున్న నూనెలో వేయించిన వాటిని తినకపోవడం మంచిది.

ఇతర ప్రాంతాలలో ఇటువంటి వంటకాలు

తమిళనాడులో సుయ్యం, కర్ణాటకలో సుక్కినుండె, కేరళలో సుఖియన్ ఇదే కుటుంబానికి చెందినవి. వీటిలో సుఖియన్ టీ దుకాణాల చిరుతిండిగా స్థిరపడింది. దాని పూర్ణంలో పెసలను నూరకుండా గింజలుగానే వాడతారు. పైపిండికి మైదా వాడటం ఎక్కువ. రుబ్బే పని లేకపోవడం, పూర్ణం పొడిగా ఉండటం వలన అమ్మకానికి అది అనువుగా ఉంది.

సిసిలీలో అరంచీని తయారీ వేరు. అక్కడ పిండి రుబ్బరు. పిండిపదార్థం ఎక్కువగా ఉండి అతుక్కునే పొట్టి బియ్యాన్ని కుంకుమపువ్వుతో వండి, చల్లార్చి, ఆ అన్నం ముద్దలో మాంసపు కూర, పచ్చి బఠాణీలు, జున్ను కూరి, రొట్టెపొడి అద్ది వేయిస్తారు. నారింజపండుకు ఇటాలియన్ భాషలో గల అరంచా అనే మాట నుండి ఈ పేరు వచ్చింది. పలెర్మో నగరంలో ఈ మాటను స్త్రీలింగంగా అరంచీన అని, కతానియాలో పుంలింగంగా అరంచీనో అని వాడతారు. ఇటాలియన్ భాషా సంస్థ అకాదెమియా దెల్లా క్రుస్కా 2016లో రెండు రూపాలూ సరైనవేనని తెలిపింది. పలెర్మోలో ఇవి గుండ్రంగాను, కతానియాలో తరచు శంకువు ఆకారంలోను ఉంటాయి. 1646 నాటి కరువులో ధాన్యపు ఓడ రావడంతో జనం బతికారనే జ్ఞాపకంగా డిసెంబరు 13న, సెయింట్ లూసియా పండుగనాడు, పలెర్మో వాసులు గోధుమ రొట్టె మాని ఈ అన్నపు ఉండలు తింటారు.

తెలుగునాట వాడే సన్న బియ్యపు అన్నం విడివిడిగా ఉంటుంది కాబట్టి అలా ముద్దకట్టడం కష్టం. అరంచీని పైన ఉన్న పొడి పొర, లోపలి ఉడికిన అన్నం తేమను చాలాసేపు ఆపుతాయి. అందువలన వాటిని చేతిలో పట్టుకొని నడుస్తూ తినవచ్చు. నెయ్యి పోసుకొని తినే బూరెకు మాత్రం విస్తరి, వేడి, వడ్డించే మనిషి ముగ్గురూ కావాలి. అరంచీని హైదరాబాదులోని కొన్ని ఇటాలియన్ భోజనశాలలలో లభిస్తాయి.

రకాలు

* పెసర బూరెలు - శనగపప్పుకు బదులు పెసరపప్పుతో పూర్ణం చేస్తారు.
* కొబ్బరి బూరెలు - కొబ్బరి, బెల్లం పూర్ణంతో చేస్తారు.
* పచ్చి బూరెలు - పూర్ణం లేకుండా, తడి బియ్యపు పిండిని బెల్లం పాకంలో కలిపి వేయిస్తారు.
* సజ్జ బూరెలు - సజ్జపిండి, బెల్లంతో చేస్తారు. వీటిలోనూ పూర్ణం ఉండదు.

ఇవి కూడా చూడండి

* బొబ్బట్లు
* అరిసెలు
* పునుగులు
* సకినాలు
* పానగల్