పాతాళభైరవి, కాశీమజిలీ కథలు: శ్రీశైల పూర్వద్వారమునుండి ఒక పరిశీలనము

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములకు నల్లమల పెట్టనికోట. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువరకు ఈ సీమ కర్నూలు జిల్లాలోనిది. శ్రీశైలమునకు గల నాలుగు ద్వారములలో తూర్పుద్వారమైన త్రిపురాంతకము ఇచ్చటనే కలదు. ఆ యాలయమునుండి శ్రీశైలమునకు బిలమార్గమున్నదనియు, సిద్ధులు ఆ దారిని సంచరించెడివారనియు జనశ్రుతి. ఇట్టి తావున నిలిచి చూచినచో, మన మాంత్రికకథలు గ్రంథమునుండి తెరకు వచ్చునపుడు ఏమి పొందినవి, ఏమి కోల్పోయినవి యను ప్రశ్న క్రొత్తగా తోచును. పాతాళభైరవిని ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింతము.

1951 మార్చి 15న విడుదలయైన ఈ చిత్రమునకు కె. వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, విజయా వారు నిర్మాతలు. కథాబీజము మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలనుండి గ్రహింపబడినదని ప్రసిద్ధి. కోరినదెల్ల నొసగు ప్రతిమ మాత్రము అల్లావుద్దీను దీపమును స్మరింపజేయును. కావున ఇది యొక కథకు ప్రతిబింబము గాదు, పలు మూలముల కూర్పు. మూలమునకు విధేయమా, కాదా యని మాత్రమే అడుగు విమర్శకు ఇచ్చట లభించు ఫలము స్వల్పము. కథ చెప్పు పద్ధతి యెట్లు మారినదని అడుగుట మేలు.

పన్నెండు భాగముల ఆ గ్రంథమున మణిసిద్ధుడను యతి, గొల్లపిల్లవాడైన గోపుని తోడుగొని కాశికి నడచును. మజిలీ మజిలీకి గోపుడు తాను చూచిన వింతను గూర్చి యడుగును. యతి మణిప్రభావమున దాని వృత్తాంతమెరిగి వినిపించును. అద్భుతము ముందు కనబడును, కారణము పిదప తెలియును. శ్రోత కుతూహలమంతయు ‘ఇట్లేల జరిగెను’ అనుటయందున్నది. చిత్రమున యతి లేడు, గోపుడు లేడు, మజిలీలును లేవు. సాహసవంతుడైన యువకుని బలియిచ్చి ప్రతిమను సాధింపవలెనను మాంత్రికుని తలంపు ప్రేక్షకునకు ముందే తెలియును, తోటరామునకు తెలియదు. ప్రేక్షకుని యాతురత ‘ఇక నేమగునో’ అనుటయందు నిలుచును. తోటమాలి కొడుకు సాహసమే కథకు వెన్నెముకయైనది. ఇది చిత్రము పొందిన లాభము.

ఇక నష్టము. ఎస్. వి. రంగారావు ధరించిన మాంత్రికుడు నేపాళమువాడు. కాని యిట్టివాని వంశము మనకు దూరమైనది కాదు. ఏడవ శతాబ్దిని బాణుడు కాదంబరిలో శ్రీపర్వతపు వింతలెన్నియో యెరిగిన ద్రావిడవృద్ధు నొకని చిత్రించెను. ఎనిమిదవ శతాబ్దిని భవభూతి మాలతీమాధవమున అఘోరఘంటుడు మాలతిని చాముండకు బలియీయబూనగా, మాధవుడు వానిని వధించును. శిష్యురాలైన కపాలకుండల పగబూని మాలతిని శ్రీపర్వతమునకు గొనిపోవును. చిత్రమునను బలియీయదలచినవాడే బలియగును. శిష్యుడు సదాజపుడు గురువును బ్రదికించును. పిదప నాయిక అపహరింపబడును. చిత్రకర్తలు నాటకము ననుసరించిరని మేము చెప్పజాలము. కాని ఒకే యూహ పదునొకండు శతాబ్దములకు పైగా నిలిచియుండుట గమనార్హము. ఇక్ష్వాకుల శాసనములలో నాగార్జునకొండకు శ్రీపర్వతమను పేరున్నను, ఈ కవులు తలచినది శ్రీశైలమేయని పెక్కుర మతము.

ఈ కొండ దుష్టులకే నెలవని యెంచరాదు. భవభూతి నాటకముననే మాలతిని కాపాడు సౌదామిని శ్రీపర్వతమున సిద్ధిపొందినది. పదునైదవ శతాబ్దిని గౌరన, శ్రీశైల భిక్షావృత్తిమఠాధిపతి ప్రేరణమున, సిద్ధుల చరిత్రమును నవనాథచరిత్రముగా ద్విపదలో రచించెను. మన సంప్రదాయమున బలిగోరు మాంత్రికుడును, జ్ఞానమునొసగు సిద్ధుడును జంటగా నడచిరి. దీక్షితుల గ్రంథమున కథ చెప్పువాడే సిద్ధుడు. చిత్రము మాంత్రికుని నిలుపుకొని సిద్ధుని విడిచినది. నాయకునకు తోడ్పడుటకు శాపముదీరిన అప్సరస యున్నను, వింతకు కారణము చెప్పు జ్ఞాని లేడు.

చిత్రమును నిందించుట మా యుద్దేశము గాదు; ఆనందము గూర్చుటలో దాని కది సాటి. అయినను నల్లమల నీడలో పెరుగు బాలుడు మాంత్రికుడనగానే నేపాళమును తలచి, తన గుమ్మమునుండి కనబడు కొండను మరచుట చింతింపదగినది. త్రిపురాంతకమునుండి దోర్నాల వరకు గల గ్రామములలో వృద్ధులు చెప్పు సిద్ధుల కథలను, బిలముల కథలను పరిశోధకులు వ్రాసికొనవలెను. గోపునివలె అడుగువారు లేనినాడు మణిసిద్ధుడుండియు ప్రయోజనము లేదు.