బాల వికాస: తాగునీటి సేవ

కాజీపేట కేంద్రంగా పనిచేసే స్వచ్ఛంద సంస్థ, స్థాపన 1991. వ్యవస్థాపకులు బాల థెరిసా, ఆమె భర్త ఆంద్రె జింగ్రాస్. ఆమె తెలుగింటి ఆడపడుచు, ఆయన కెనడా దేశస్థుడు. 1977లో ఈ దంపతులు కెనడాలో నెలకొల్పిన సోపార్ సంస్థ విరాళాలు దీనికి అండగా నిలిచాయి. సింగారెడ్డి శౌరెడ్డి కార్యనిర్వాహక సంచాలకులుగా సంస్థను నడిపించారు.

మొదట్లో బోరుబావులు, తర్వాత నీటిశుద్ధి ప్లాంట్లు. ఖర్చులో కొంత గ్రామమే భరిస్తుంది, ఊరి కమిటీయే నిర్వహిస్తుంది. ఇంటింటికీ 20 లీటర్ల క్యాన్‌కు తీసుకునే కొద్దిపాటి రుసుముతో మరమ్మతులు జరుగుతాయి. దాత వెళ్లిపోయాక కూడా యంత్రం తిరుగుతుండటానికి ఈ ఏర్పాటే కారణం. సంస్థ చేసిన అసలు మేలు ఇదే.

ఫ్లోరైడ్ బెడద ఉన్న రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం వంటి మెట్ట ప్రాంతాల బడులకు ఈ అనుభవం ఎంతో అవసరం. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను దేశంలో తొలిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే వైద్యులు నమోదు చేశారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లావే. 1970లో కొత్తగా ఏర్పడి, తర్వాత ప్రకాశంగా పేరు మారిన జిల్లాలో కలిశాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ హానికరం. ఎనిమిదేళ్లలోపు, పళ్ల పింగాణీ పొర ఏర్పడే వయసులో, ఆ నీళ్లు తాగిన పిల్లలకు గారపళ్లు వస్తాయి. ఆ మచ్చ జీవితాంతం పోదు. కాచితే ఫ్లోరైడ్ తగ్గదు, నీరు ఆవిరైనకొద్దీ గాఢత పెరుగుతుంది. అందుకే మధ్యాహ్న భోజనం వండే నీళ్లూ శుద్ధమైనవే కావాలి.