ఒడంబడికలు నిలిచినచోట, నిలవనిచోట

దక్షిణాసియా భాషాచరిత్రలో 1956వ సంవత్సరం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ ఏడు సింహళద్వీపపు పార్లమెంటు సింహళాన్ని ఏకైక అధికారభాషగా శాసించింది. ఆ ఏడే నవంబరు 1వ తేదీన మన దేశంలో, ప్రధానంగా భాషల ప్రాతిపదికమీద, రాష్ట్రాల పునర్విభజన అమలులోకి వచ్చింది. ఒకచోట ఒకే భాషకు పట్టం కట్టారు, మరొకచోట పలుభాషలకు పాలనలో చోటిచ్చారు. ఉభయదేశాల అనుభవాలలోని భేదానికి ఇదే కారణమని సాధారణంగా చెబుతారు. అది సత్యమే గాని సమగ్రసత్యం కాదు.

సింహళీయుల కోరిక అకారణమైనది కాదు. పరాయిపాలనలో ఇంగ్లీషు వచ్చిన కొద్దిమందికే ఉన్నతోద్యోగాలు దక్కేవి. జనాభాలో నూటికి సుమారు డెబ్బైమంది సింహళీయులే ఐనా, వారి భాషకు కచేరీలలో గౌరవం లేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దదలచిన స్టేట్ కౌన్సిల్ 1944లో సింహళ, తమిళాలు రెండింటినీ అధికారభాషలుగా చేయాలని తీర్మానించింది. పన్నెండేళ్లు తిరిగేసరికి రెండవ భాష ఆ తీర్మానంనుంచి జారిపోయింది.

ఐనా సామరస్యానికి దారి మూసుకుపోలేదు. 1957 జూలైలో ప్రధాని బండారనాయకే, తమిళనాయకుడు చెల్వనాయకం ఒక ఒడంబడిక చేసుకున్నారు. ఉత్తర, తూర్పు ప్రాంతాల పాలన తమిళంలో సాగడానికీ, వ్యవసాయం, విద్య మొదలైన విషయాలలో ప్రాంతీయమండలులకు అధికారమివ్వడానికీ అందులో అంగీకారం కుదిరింది. 1958 ఏప్రిల్‌లో బౌద్ధభిక్షువులు ప్రధాని ఇంటిముందు బైఠాయించగా, ఆయన ఆ ఒడంబడికను రద్దుచేశారు. మరుసటి నెలలోనే ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. 1965లో డడ్లీ సేనానాయకే కుదుర్చుకున్న మరో ఒడంబడిక కూడా పూర్తిగా అమలుకు నోచుకోలేదు. మితవాదులైన పెద్దలు తెచ్చిన కాగితాలు ఇలా చెల్లకుండా పోయినకొద్దీ, యువకుల దృష్టిలో ఆ పెద్దల మాట కూడా చెల్లకుండా పోయింది. 1983లో మొదలైన యుద్ధం 2009దాకా సాగింది. తమిళం కూడా అధికారభాషేనని 1987లో రాజ్యాంగాన్ని సవరించేసరికి, ఆ మాట విని శాంతించే దశ దాటిపోయింది.

మన దేశంలోనూ ఇటువంటి సంకటం రాకపోలేదు. హిందీ రానివారు కోరినంతకాలం ఇంగ్లీషు కొనసాగుతుందని నెహ్రూ 1959లో లోక్‌సభలో హామీ ఇచ్చారు. కాని 1963 చట్టంలో ఇంగ్లీషు కొనసాగ'వచ్చును' అని మాత్రమే ఉన్నది. ఆ ఒక్క క్రియాపదం దక్షిణాదిని శంకలో పడవేసింది. 1965లో మద్రాసు రాష్ట్రం అట్టుడికింది, ప్రాణాలు పోయాయి. 1967లో చట్టాన్ని సవరించారు. హిందీని స్వీకరించని రాష్ట్రాల శాసనసభలన్నీ సమ్మతించనిదే ఇంగ్లీషును తొలగించడానికి వీలులేకుండా చేశారు. నోటిమాట ఆలస్యంగానైనా శాసనమైంది, మంట చల్లారింది.

ఐతే మనం గర్వించడానికి ఇక్కడే ఆగరాదు. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణం తరువాత 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రం, 1956లో తెలంగాణంతో కలిసింది. ఆ కలయికకు ముందు ఉభయప్రాంతాల నాయకులు ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ఉద్యోగాలు, మిగులు ఆదాయం, ప్రాంతీయసంఘం మొదలైన రక్షణలు అందులో ఉన్నాయి. అవి సక్రమంగా అమలుకాలేదన్న ఆవేదనే 1969 ఉద్యమానికి ప్రాణం పోసింది. 2014లో తెలంగాణ ప్రత్యేకరాష్ట్రమైంది. ఇక్కడ రెండు భాషలు లేవు, ఉన్నది ఒక్క తెలుగే. భాషైక్యం ఒక్కటే మనుషులను కలిపి ఉంచలేదు. కాగా, ఎంత వేదన ఉన్నా ఆ వివాదం చివరకు పార్లమెంటులో తేలింది, అంతర్యుద్ధంగా మారలేదు. ప్రజలకు ఎన్నికలు, సభలు, న్యాయస్థానాలు అందుబాటులో ఉండటమే దీనికి ప్రధానకారణమనిపిస్తుంది.

కాబట్టి బహుభాషాదేశంలో శాంతికి అధికసంఖ్యాకుల ఔదార్యం చాలదు. అల్పసంఖ్యాకులకు ఇచ్చిన మాట చట్టమై, చట్టం ఆచరణ కావాలి. ఆ మాటలోని ప్రతి పదాన్నీ పరీక్షించి చూపడం రచయితలకు చేతనైన పని, అనువాదకులకు నిత్యకృత్యం. 'వచ్చును' అన్నదానికీ 'తీరవలెను' అన్నదానికీ ఎంత దూరమో వారికి తెలుసు.

1981 జూన్ 1వ తేదీ ప్రాంతంలో జాఫ్నా గ్రంథాలయాన్ని తగులబెట్టారు. సుమారు 97,000 గ్రంథాలు బూడిదైనాయి. ఆ భవనాన్ని తరువాత పునర్నిర్మించారు. కాలిపోయిన తాళపత్రాలు మాత్రం తిరిగి రాలేదు.